చాటింపు

మా ఊరి చెరువుకు రెండు తూములు ఉండేవి. పెద్ద తూము ఎప్పుడు ఎత్తాలో, చిన్న తూము ఎప్పుడు మూయాలో చూసుకునే బాధ్యత నీరటిది. వానలు సమృద్ధిగా కురిసిన ఏడు ఎవరికీ ఏ చింతా ఉండేది కాదు. నీరు తగ్గిన ఏటనే వంతులు మారేవి. వంతు మారిన ప్రతిసారీ ముందురోజు సాయంత్రం డప్పు కొట్టించి చాటింపు వేయించేవారు. "రేపటి నుంచి కింది మడులకు రాత్రిపూట నీళ్లు" అన్న ఒక్క మాట కోసం చాటింపు వేసే మనిషి ఊరంతా తిరిగేవాడు. వీధి మలుపు వచ్చినప్పుడల్లా ఆగి, డప్పు మోగించి, అదే మాట మళ్లీ చెప్పేవాడు. అయినా ఏటా ఒకరిద్దరు రైతులు రచ్చబండ దగ్గరకు వచ్చి తగవు పెట్టుకునేవారు. ఆ సాయంత్రం వాళ్లు ఊళ్లో లేరు. పొలంలో మంచె మీద ఉన్నారు. చాటింపు జరిగిన మాట నిజమే. అది వాళ్ల చెవిన పడని మాటా నిజమే. పెద్దమనుషులు ఆ తగవు తీర్చలేక ఏదో ఒకటి చెప్పి పంపించేసేవారు.

ప్రోగ్రాములు రాయడం వృత్తిగా స్వీకరించిన చాలా ఏళ్లకు, మంచె మీది రైతు స్థానంలో నేనే నిలబడవలసిన రోజు ఒకటి వచ్చింది. ఆ సంగతి చెప్పే ముందు కెర్నెల్ అంటే ఏమిటో నాలుగు మాటల్లో చెప్పాలి.

మనం కంప్యూటర్‌లో వాడే ప్రతి ప్రోగ్రామ్‌కూ కింద ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. దాని గర్భంలో ఉండే భాగమే కెర్నెల్. గింజలోని పప్పు అని ఆ ఆంగ్లపదానికి అర్థం. జ్ఞాపకశక్తిని పంచిపెట్టడం, డిస్కు మీద అక్షరాలు నిలపడం, తీగల మీదుగా వచ్చే సందేశాలను అందుకోవడం, బ్యాటరీలో ఎంత శక్తి మిగిలిందో కనిపెట్టి ఉండడం ఇవన్నీ దాని పనులు. మామూలు ప్రోగ్రాములు ఈ పనులను సొంతంగా చేసుకోలేవు; కెర్నెల్‌ను అడిగి చేయించుకోవాలి. ఎలా అడగాలి, ఏ రూపంలో జవాబు వస్తుంది అన్న ఒప్పందాన్ని ఇంటర్‌ఫేస్ అంటారు. ఆ ఒప్పందాన్ని అక్షరబద్ధం చేసే పని కంప్యూటర్ల చరిత్రలో చాలా పాతది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలు యూనిక్స్‌ను నిర్మించినప్పుడు, దానికి 1971 నవంబరులోనే ఒక కరదీపిక వెలువడింది. అందులోని రెండవ ప్రకరణం పూర్తిగా కెర్నెల్‌ను అడిగే పద్ధతుల గురించే. ఆ పుటల చివర 'బగ్స్' అనే శీర్షిక కింద, రాసినవారు తమ నిర్మాణంలోని లోపాలను తామే ఒప్పుకొన్నారు. సొంత పనిలోని లోపాన్ని సొంత చేతితో రాసి పెట్టే అలవాటు ఏ శాస్త్రంలోనైనా అంత సులభంగా అలవడదు. నాకు ఆ కరదీపిక మీద గౌరవం కలగడానికి అదొక కారణం.

1991లో ఫిన్లాండ్ దేశంలో, హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థిగా ఉన్న లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ కెర్నెల్‌ను తరువాత వేలాదిమంది కలిసి పెంచారు. వాళ్లు మొదటి నుంచీ రెండు రకాల ఒప్పందాలను వేరువేరుగా చూశారు. కెర్నెల్ లోపలి భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతులు ఎప్పుడైనా మారవచ్చు. వాటికి ఏ హామీ లేదు. అలా హామీ ఇవ్వకపోవడం ఉద్దేశపూర్వకమేనని గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ రాసిన ఒక వ్యాసం కెర్నెల్ మూలప్రతిలోనే భద్రంగా ఉంది. బయటి ప్రోగ్రాములు వాడుకునే పద్ధతులు మాత్రం చెడకూడదు. ఇల్లుగలవాడు వంటింటి గోడలు ఎటైనా మార్చుకోవచ్చు, వీధివాకిలి మాత్రం ఉన్నచోటనే ఉండాలి అన్నట్లు.

వినడానికి ఇది చక్కని విభజన. చిక్కంతా ఈ రెండింటి నడుమ ఉన్న అరుగు మీద వచ్చింది. లినక్స్‌లో 'ప్రోక్', 'సిస్' అనే రెండు సంచయాలు ఉన్నాయి. వాటిలో కనిపించే ఫైళ్లు నిజానికి డిస్కు మీద ఉండవు. తెరిచిన క్షణాన కెర్నెల్ తన లోపలి స్థితిని అక్షరాలుగా మార్చి చూపిస్తుంది. 2003 డిసెంబరులో వెలువడిన 2.6 కూర్పుతో 'సిస్' ప్రచారంలోకి వచ్చింది. అది కెర్నెల్ లోపలి అమరికనే బయటికి ప్రతిబింబించే అద్దం. లోపలి అమరిక మారితే అద్దంలోని బొమ్మ మారక తప్పదు. కాని బయటి ప్రోగ్రాములు చూసేది ఆ బొమ్మనే. అది స్థిరమా, అస్థిరమా? ఎవరూ ఒక్క మాటలో చెప్పలేని ప్రశ్న ఇది.

ఇక నా సంగతి.

పాడేరు మన్యంలో పిల్లల ఆరోగ్యం కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థకు నేను కొంతకాలం సాయపడ్డాను. కార్యకర్తలు కొండ గూడేలకు నడిచి వెళ్లి, చెట్టుకొమ్మకు వేలాడదీసిన త్రాసులో పిల్లలను తూచి, దండ చుట్టుకొలత తీసి, ఆ వివరాలను ల్యాప్‌టాప్‌లో నమోదు చేసేవారు. ఆ గూడేల్లో కరెంటు మీద భరోసా లేదు. అందుచేత బ్యాటరీ అడుగంటేలోపు గంట మోగించే చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాసి ఇచ్చాను. పట్టుమని నూరు పంక్తులు లేదు. 'ప్రోక్' సంచయంలో బ్యాటరీ పేరిట ఉన్న 'స్టేట్' అనే ఫైల్‌ను నిమిషానికి ఒకసారి చదివి, మిగిలిన శక్తి పదిహేను శాతానికి తగ్గితే గంట కొట్టడమే దాని పని. ఆ ఫైల్ అసలు కనిపించకపోతే, అది బ్యాటరీ లేని బల్ల కంప్యూటర్ అని భావించి ఊరకుండాలని రాశాను. ఆ షరతు రాసినప్పుడు ఎంతో ముందుచూపుతో రాశానని సంతోషించాను కూడా. ఏడాదిన్నర పాటు ఆ గంట నమ్మకంగా మోగింది. అది ఉందన్న ధీమాతోనే నమోదు ప్రోగ్రామ్ రాసిన మిత్రుడు, రోజంతటి వివరాలనూ సాయంత్రం ఒకేసారి భద్రపరిచే పద్ధతి పెట్టాడు.

2010 జనవరిలో ఆ యంత్రాలన్నింటిలో కెర్నెల్‌ను కొత్త కూర్పుకు మార్చాను. వారం తిరగకుండానే ఒక పెద్దావిడ నుంచి ఫోను వచ్చింది. ఆమె ఇరవై ఏళ్లుగా ఆ కొండల్లో నర్సుగా తిరుగుతున్న మనిషి.

"బాబూ, మీ గంట మోగలేదండీ" అంది.

"ఎంతవరకు నమోదు చేశారమ్మా?"

"మూడు గూడేలు. అరవై ఒక్కమంది పిల్లలు. ఆఖరి పిల్లాడి బరువు కొడుతుంటే తెర నల్లబడిపోయింది. మళ్లీ వెలిగించి చూస్తే పొద్దున్నుంచి కొట్టింది ఒక్కటీ లేదు."

ఆమె గొంతులో కోపం లేదు. అది ఉంటే నాకు కొంత ఊరటగా ఉండేది.

మర్నాడు వాళ్లు మళ్లీ ఆ మూడు గూడేలకూ నడిచారు. అరవై ఒక్కమందిలో యాభై ఎనిమిది మంది దొరికారు. రెండు కుటుంబాలు సంతకు వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చాయి. ఒక తల్లి మాత్రం బిడ్డను తీసుకుని పుట్టింటికి, ఆవలి కొండకు వెళ్లిపోయింది. మొదటిసారి తూచినప్పుడు ఆ బిడ్డ బరువు చూసి అనుమానం కలిగిందని, అంకె మాత్రం గుర్తులేదని నర్సమ్మ చెప్పింది. ఆ బిడ్డను వెదికి మళ్లీ తూచేసరికి నెల దాటింది. బిడ్డ బతికే ఉంది. కాని ఆ నెల రోజుల లెక్క నాకు ఈనాటికీ తేలలేదు.

ఏం జరిగిందో తెలుసుకోవడానికి నాకు అరగంట పట్టింది. పాత ఫైల్ లేదు. ఫైల్ లేదు గనుక నా ప్రోగ్రామ్ ఆ ల్యాప్‌టాప్‌ను బల్ల కంప్యూటర్ అనుకున్నది. బల్ల కంప్యూటర్‌కు బ్యాటరీ గొడవ లేదు గనుక నిశ్చింతగా ఊరకున్నది. నేను చెప్పినట్లే చేసింది.

మొదట నాకు కెర్నెల్ రాసినవారి మీదనే కోపం వచ్చింది. వీధివాకిలి కదలదన్నారు కదా, చెప్పకుండా గోడ కట్టేశారే అనుకున్నాను. ఆ కోపంతోనే కెర్నెల్ మూలప్రతిలోని పత్రాలను తిరగేశాను. అక్కడ నాకొక ఫైల్ కనిపించింది. త్వరలో తొలగించబోయే అంశాల పట్టిక అది. ఏది తొలగిస్తారు, ఎప్పుడు, ఎందుకు, ఎవరు అని ప్రతి అంశం కిందా రాసి ఉంది. బ్యాటరీ మొదలైన వాటి స్థితిని 'ప్రోక్' ద్వారా చూపే పద్ధతిని 2008 జూలైలో తొలగిస్తామనీ, 'సిస్'కు మార్పిడి ఆ ఏడాది జనవరికే పూర్తికావాలనీ, బయటి ప్రోగ్రాములు సర్దుకోవడానికి తగిన వ్యవధి ఉండాలనే ఈ గడువు పెట్టామనీ అందులో ఉంది. నేను నా నూరు పంక్తులు రాసిన నాటికే ఆ నోటీసు అక్కడ ఉంది.

అంటే చాటింపు జరిగింది. నేను మంచె మీద ఉన్నాను.

నా తప్పును తగ్గించుకోవడానికి కాదు గాని, ఆ చాటింపు గురించి కూడా ఒక మాట చెప్పాలి. అది కెర్నెల్ మూలప్రతి లోపల, కెర్నెల్ నిర్మాతలు తిరిగే వీధిలోనే జరిగింది. బ్యాటరీ గంట రాసుకునేవాడు ఆ వీధికి ఏ పనిమీద వెళతాడు? పైగా ఆ గడువు కచ్చితంగా అమలు కాలేదు. కెర్నెల్‌ను కూర్చి పంచేవారు కావాలంటే ఆ పాత ద్వారాన్ని ఉంచుకోవచ్చు, వద్దంటే మూసివేయవచ్చు అన్నట్లుగా అది మరికొంత కాలం మిగిలింది. కొన్ని యంత్రాల్లో ఉండి, కొన్నింటిలో లేకుండాపోయింది. తేదీ చెప్పి ఆ తేదీన జరగని మార్పు, అసలు చెప్పని మార్పు కంటే ఒకందుకు ప్రమాదకరం. చూసినవాడు కూడా ఇంకా సమయం ఉందనుకుంటాడు. 2012లో ఆ పట్టికనే కెర్నెల్ నుంచి తొలగించారు. ఎవరూ చదవని పట్టికను ఉంచడం దేనికన్న వాదానికి ఎదురు చెప్పడం కష్టమే.

అయితే అదే మూలప్రతిలో, 2006 నుంచి మరొక ఏర్పాటు కూడా ఉంది. బయటి ప్రోగ్రాములకు కనిపించే ఇంటర్‌ఫేస్‌లను వర్ణించే పత్రాలను నాలుగు అరలుగా విభజించారు. 'స్టేబుల్' అన్నది మొదటి అర. అందులో ఉన్నవి కనీసం రెండేళ్లు చెడకుండా ఉంటాయన్న హామీ ఉంది. రెండవది 'టెస్టింగ్', నిర్మాణం చాలావరకు పూర్తయింది, వాడుకోవచ్చు, కాని లోపాలు బయటపడితే మారవచ్చు. మూడవది 'అబ్సొలీట్', ఇంకా ఉన్నవే గాని పోబోతున్నవి, ఎందుకు పోతున్నాయో కారణంతో సహా. నాలుగవది 'రిమూవ్డ్', పోయినవాటి జాబితా. మన పల్లెల్లో మరణించినవారి పేర్లు కూడా వంశవృక్షంలో ఉంచుతారు కదా, ఆ నాలుగవ అర అటువంటిది. లేనిదాన్ని వెదుక్కుంటూ వచ్చినవాడికి, అది ఉండేదనీ ఇప్పుడు లేదనీ చెప్పే మనిషి ఉండాలి.

ఈ ఏర్పాటులో నన్ను అన్నింటికంటే ఆకట్టుకున్నది ఒక చిన్న పంక్తి. ప్రతి అంశం కిందా దాని పేరు, అది వచ్చిన తేదీ, కెర్నెల్ కూర్పు సంఖ్య, బాధ్యుల చిరునామా, వివరణ ఉంటాయి. వాటి చివర 'యూజర్స్' అని మరో పంక్తి ఉంటుంది. పరీక్షదశలో ఉన్న ఇంటర్‌ఫేస్‌ను వాడుకునే ప్రోగ్రాములు తమ పేరు అక్కడ రాయించుకోవాలి. మార్పు చేయదలచినప్పుడు కెర్నెల్ నిర్మాతలు వారికి కబురు పంపగలుగుతారు. మంచె మీద ఉన్నవాడు తన మంచె ఎక్కడుందో ముందుగా చెప్పి వెళ్లడం అన్నమాట. చాటింపు వేసేవాడి మీదనే కాక వినవలసినవాడి మీద కూడా బాధ్యత పెట్టిన పంక్తి ఇది. అనేక పత్రాల్లో ఆ పంక్తి ఖాళీగా ఉంటుంది, లేదా ఉండనే ఉండదు.

ఆ తరువాత ఒక వేసవి అంతా కూర్చుని, మా సంస్థలకు ప్రోగ్రాములు రాసే యువకుల కోసం ఒక చిన్న కరదీపిక తయారు చేశాను. మేము కెర్నెల్ నుంచి చదువుతున్న ప్రతి ఫైల్‌కూ అందులో ఒక పుట. ఆ ఫైల్ ఏమి చెబుతుంది అన్నది ఒకటి రెండు వాక్యాలు. అది రేపు ఉండకపోతే ఏం చేయాలన్నది పుటలో మిగిలిన భాగమంతా. బ్యాటరీ పుట రాయడానికే నాకు వారం పట్టింది. పాత పద్ధతిలో మిల్లీ ప్రమాణాల్లో ఉన్న అంకెలు కొత్త పద్ధతిలో మైక్రో ప్రమాణాల్లో వస్తాయి. గమనించకపోతే లెక్క వెయ్యిరెట్లు తప్పుతుంది. కొన్ని యంత్రాలు మిగిలిన శక్తిని మైక్రోవాట్-అవర్లలో చెబుతాయి, మరికొన్ని విద్యుదావేశాన్ని మైక్రోఆంపియర్-అవర్లలో చెబుతాయి. ఈ రెంటినీ కలపవద్దని కెర్నెల్ పత్రమే గట్టిగా హెచ్చరిస్తుంది. కొన్ని యంత్రాల్లో బ్యాటరీ పేరు సున్నాతో మొదలవుతుంది, కొన్నింటిలో ఒకటితో. ఇక బ్యాటరీ స్థితిని తెలిపే ఫైల్‌లో నిండుతున్నది, ఖాళీ అవుతున్నది, నిండినది వంటి మాటలతో పాటు 'అన్‌నోన్' అనే మాట కూడా రావచ్చు. తెలియదు అని చెప్పగల వినయం కెర్నెల్‌కు ఉంది. నా ప్రోగ్రామ్‌కే లేకపోయింది.

ఆ పుటను తయారు చేస్తూ, కెర్నెల్ పత్రంలో ఒకచోట వివరణ చాలలేదనిపించి, ఒక వాక్యం చేర్చమని సంబంధిత బాధ్యులకు పంపాను. మిగిలిన శక్తి ఎప్పుడూ నిండుశక్తి కంటే మించదు అన్నది నా వాక్యం. తర్కానికి అంతకంటే నిలిచే మాట ఏముంటుంది? వారిలో ఒకరి నుంచి మర్యాదగా జవాబు వచ్చింది. కొన్ని యంత్రాల్లోని బ్యాటరీ తప్పుడు లెక్క చెబుతుంది, మిగిలినది నిండుదాని కంటే ఎక్కువని కూడా చెబుతుంది. మీరు రాసింది వర్ణనా, వాగ్దానమా అని అడిగారు. వర్ణన అయితే అబద్ధం, వాగ్దానం అయితే నిలబెట్టలేనిది. ఆ వాక్యాన్ని నేనే వెనక్కి తీసుకున్నాను. ఇటువంటి రచనలో ఏది రాయాలో తెలియడం కంటే ఏది రాయకూడదో తెలియడానికే ఎక్కువ కాలం పడుతుందని అప్పుడు అర్థమైంది.

మా యువకుల్లో ఒకడు ఆ కరదీపిక చూసి, "మారిపోయేదాన్ని రాయడం ఎందుకు సార్? రాస్తే అందరూ వాడతారు. వాడితే మార్చలేరు. రాయకుండా ఉంటేనే మంచిది కదా!" అన్నాడు. అది తేలిగ్గా తోసిపుచ్చదగిన మాట కాదు. కెర్నెల్ నిర్మాతల్లో కూడా ఈ భయం ఉన్నవారు ఉన్నారు. పత్రం రాస్తే అది ప్రమాణపత్రంగా మారిపోతుందని వారి సంకోచం.

వాడికి జవాబుగా నేను పవర్‌టాప్ కథ చెప్పాను. యంత్రం ఎక్కడెక్కడ విద్యుత్తును వృథా చేస్తున్నదో చూపే ప్రోగ్రామ్ అది. కెర్నెల్‌లో జరిగే సంఘటనల జాడలను చదివి పనిచేస్తుంది. ఆ జాడల అమరిక మారవచ్చు గనుక, అమరికను వివరించే ఫైల్ ఒకటి పక్కనే ఉంటుంది. దాన్ని చదివి, దాని ప్రకారం అంకెలను ఏరుకోవాలి. పవర్‌టాప్ ఆ ఫైల్‌ను చదవలేదు. ఫలానా అంకె ఫలానా చోటనే ఉంటుందని గట్టిగా నమ్మింది. 2011లో, కెర్నెల్‌లో అవసరం తీరిపోయిన నాలుగు బైట్ల అంశం ఒకదాన్ని ఆ జాడల నుంచి తీసివేస్తే పవర్‌టాప్ చెడిపోయింది. తప్పు ఎవరిదో పత్రం స్పష్టంగానే చెబుతున్నది. అయినా తీర్పు పవర్‌టాప్ పక్షానే వచ్చింది. అర్థం లేని నాలుగు బైట్లను మళ్లీ అక్కడ పూరకంగా ఉంచవలసి వచ్చింది. బయటి ప్రోగ్రామ్ చెడిపోతే అది కెర్నెల్ తప్పే, ప్రోగ్రామ్‌ది కాదు అన్నది టోర్వాల్డ్స్ ఏనాటి నుంచో పట్టుబట్టిన సూత్రం. 2012 డిసెంబరులో, కెర్నెల్ తిరిగి ఇచ్చే ఒక తప్పు సంకేతం మారినందువల్ల శబ్దానికి సంబంధించిన ప్రోగ్రాములు చెడినప్పుడు, ఆయన ఆ సూత్రాన్ని ఎంత పరుషంగా చెప్పారో ఆ రంగంలో అందరికీ తెలుసు. ఆ పరుషత్వం నాకు నచ్చదు గాని సూత్రం నచ్చుతుంది.

"చూశావా? రాసినందువల్ల కాదు, వాడినందువల్లనే అది స్థిరపడింది. రాయకపోయినా జనం వాడతారు. కాకపోతే చీకట్లో తడుముకుంటూ వాడతారు" అన్నాను. వాడు పూర్తిగా ఒప్పుకోలేదు. ఆపిల్ సంస్థ సంగతి ఎత్తాడు. మ్యాక్ కంప్యూటర్లలో కెర్నెల్‌ను నేరుగా అడిగే పద్ధతులకు ఆ సంస్థ హామీ ఇవ్వదు. తాను ఇచ్చే గ్రంథాలయం ద్వారానే అడగాలంటుంది. గో భాషలో రాసిన ప్రోగ్రాములు అలా కాక నేరుగా అడిగేవి. 2016లో సియెర్రా అనే కూర్పులో కాలమానాన్ని తెలిపే పద్ధతి లోలోపల మారేసరికి పాత గో ప్రోగ్రాములు దెబ్బతిన్నాయి. చివరికి 2018లో గో భాషే దారి మార్చుకుని, గ్రంథాలయం ద్వారా అడగడం మొదలుపెట్టింది. "అక్కడ మాట కచ్చితంగా ఉంది సార్, వినకపోతే వాళ్లదే నష్టం" అన్నాడు. నిజమే. కాని ఆ కచ్చితత్వం కూడా ఎవరో ఒకరు ముందుగా రాసి పెట్టినందువల్లనే కదా కచ్చితమైంది! హామీ లేదు అన్న మాట కూడా రాయవలసిన మాటే.

రాయడంలో మరో లాభం ఉంది. దాన్ని నేను పుస్తకాల ద్వారానే తెలుసుకున్నాను. లినక్స్ కరదీపిక పుటలను 2004 నుంచి చాలా ఏళ్లు చూసుకున్న మైకేల్ కెరిస్క్, కొత్తగా వచ్చిన ప్రతి సిస్టమ్ కాల్‌కూ పుట రాయడానికి ముందు దాన్ని స్వయంగా ప్రయోగించి చూసేవారు. 2007లో గడియారపు గంటలను ఫైల్ రూపంలో అందించే టైమర్ ఎఫ్‌డి అనే కాల్ ఒకటి 2.6.22 కూర్పులో వచ్చింది. దాన్ని పరిశీలిస్తున్నప్పుడు, గంట మోగడానికి ఇంకా ఎంత వ్యవధి ఉందో అడిగి తెలుసుకునే దారే అందులో లేదని ఆయన గమనించారు. ఆయన అభ్యంతరంతో ఆ కాల్‌ను తరువాతి కూర్పులో నిలిపివేసి, 2008లో 2.6.25లో కొత్త రూపంతో తెచ్చారు. ఇంకా ఎక్కువమంది వాడకముందే దొరికింది గనుక మార్చగలిగారు. మరో రెండేళ్లు గడిచి ఉంటే ఆ లోపమే వీధివాకిలి అయిపోయేది. వివరించి రాయబోయినప్పుడు వాక్యం కుదరకపోతే, లోపం ఎప్పుడూ వాక్యంలోనే ఉండనవసరం లేదు.

మా కరదీపికలో పుటలు ఇరవై రెండు. ప్రతి పుట పైన తేదీ, ఏ కెర్నెల్ కూర్పులో సరిచూశామో ఆ సంఖ్య ఉంటాయి. అడుగున, ఆ ఫైల్‌ను వాడుకుంటున్న మా ప్రోగ్రాముల పేర్లు, వాటిని చూసుకునేవారి పేర్లు ఉంటాయి. కెర్నెల్ పత్రంలోని ఆ చిన్న పంక్తిని అక్కడి నుంచే తెచ్చుకున్నాను. యంత్రాల్లో కెర్నెల్‌ను మార్చే ముందు ఆ పేర్లు గలవారందరికీ ఫోను చేయడం మా నియమం. దానికి ఒక పూట పడుతుంది. ఆ పూట దండగ అని గొణిగేవారు ఉన్నారు. వారికి నేను అరవై ఒక్కమంది పిల్లల సంగతి చెబుతాను.

గంట ప్రోగ్రామ్‌ను తిరగరాసి, ఆ ఏడు చైత్రమాసంలో నేనే స్వయంగా కొండ ఎక్కాను. నర్సమ్మ ల్యాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకుని, కొత్త ప్రోగ్రామ్ గురించి నేను చెప్పిందంతా ఓపికగా వింది. పదిహేను శాతం దగ్గర గంట మోగడం, పది దగ్గర మళ్లీ మోగడం, నమోదు చేసిన ప్రతి పేరూ అప్పటికప్పుడే భద్రమవడం.

"మరి ఈ మాయదారి యంత్రానికి బ్యాటరీ సంగతి తెలియకపోతేనో?" అని అడిగింది.

"తెలియదని చెబుతుందమ్మా. తెర మీద ఎర్రటి గీత వస్తుంది, గంటా మోగుతుంది."

"ఆ మాట మొదటే చెప్పించవలసింది బాబూ" అంది, తల ఊపుతూ.

తరువాత చేతిసంచిలో నుంచి అట్ట వేసిన నోటుపుస్తకం ఒకటి తీసి, ఆ రోజు తూచిన పిల్లల పేర్లు, బరువులు మొదట అందులో రాసుకుని, ఆ తరువాతనే కంప్యూటర్‌లో కొట్టింది. జనవరి నుంచి అలాగే చేస్తున్నదట. రెండు పనులు ఎందుకని నేను అడగలేదు.